నాలుగు రంధ్రాలు ఆరెలా అయ్యాయి: మెషినింగ్ డ్రాయింగుల అనొటేషన్‌పై ఒక కేస్ స్టడీ

ఇంజనీరింగ్ డ్రాయింగుల మీద మెషినింగ్ ఫీచర్లను (లోహాన్ని కోసి చేసే రంధ్రాలు, గుంటల వంటి ఆకారాలను) గుర్తించి, వాటి నుంచి ఫీచర్ల పట్టిక తయారు చేసే పనిలో ఎదురైన ఒక కేసును ఇక్కడ నమోదు చేస్తున్నాను. సంస్థను గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను. ఉదాహరణలుగా తీసుకున్న భాగాల ఆకారాలనూ కొలతలనూ మార్చాను, అయితే మార్చిన కొలతలను కూడా వాడుకలో ఉన్న ప్రమాణాలకు సరిపోయేటట్టే ఉంచాను. ఇలాంటి పని మొదలుపెట్టే బృందాలు చాలావరకు ఒకే చోట చిక్కుకుంటాయని నా అభిప్రాయం. అందువల్ల ఏ నిర్ణయాన్ని ఏ కారణంతో తీసుకున్నామన్నది కాస్త విపులంగా రాశాను.

నేపథ్యం

కాంట్రాక్టు పద్ధతిలో విడిభాగాలు మెషినింగ్ చేసి ఇచ్చే సంస్థ ఇది. కొత్త పని గురించి వచ్చే ప్రతి విచారణతో పాటు ఒక డ్రాయింగు వస్తుంది; అది చాలాసార్లు పీడీఎఫ్, కొన్నిసార్లు ఎప్పుడో చేత్తో గీసిన ట్రేసింగుకు తీసిన స్కాన్. ఎస్టిమేటర్ ఆ డ్రాయింగు చదివి, రంధ్రాలెన్ని, పాకెట్లు (లోపలికి తొలిచే గుంటలు) ఎన్ని, బిగుతైన టాలరెన్సులు (కొలతలో ఒప్పుకునే తేడాలు) ఎక్కడెక్కడ ఉన్నాయి, జాబ్‌ను (మెషిన్ మీద పెట్టే భాగాన్ని) ఎన్నిసార్లు తిప్పి బిగించాలి అన్నవి రాసుకొని ధర కడతారు. ఈ చదివే దశను సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాలన్నది సంస్థ ఆలోచన. సాఫ్ట్‌వేర్‌కు నేర్పడానికీ, అది నేర్చుకున్నదాన్ని పరీక్షించడానికీ, మనుషులు ముందుగా గుర్తించి పెట్టిన డ్రాయింగుల సమితి ఒకటి కావాలి.

త్రీడీ మోడల్ ఉంటే ఈ శ్రమంతా ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఉత్పత్తి డేటాను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి పంపడానికి ఉన్న ఐఎస్‌ఓ 10303 ప్రమాణంలోని ఏపీ242 అనే భాగం ప్రకారం, టాలరెన్సులనూ డేటంలనూ (కొలతలకు ఆధారంగా తీసుకునే తలాలు, అక్షాలను) మోడల్‌తో పాటే సాఫ్ట్‌వేర్ చదవగలిగే రూపంలో పంపవచ్చన్నది నిజమే. కానీ ఇక్కడికి మోడల్ వచ్చినప్పుడు కూడా అందులో ఆకారం తప్ప మరేమీ ఉండేది కాదు. ఏ రంధ్రానికి త్రెడ్డు (మర) ఉంది, ఏ బోరు (తొలిచిన గుండ్రని రంధ్రం) హెచ్7 అనే బిగుతైన టాలరెన్సుకు రావాలి అన్నది చెప్పేది డ్రాయింగే. తేడా వస్తే ఒప్పందంలో చెల్లేదీ డ్రాయింగే.

అనొటేటర్లు, అంటే డ్రాయింగుల మీద ఈ గుర్తింపు చేసేవాళ్లు, మెకానికల్ డిప్లొమా చదివినవాళ్లు, డ్రాయింగు చదవడం బాగా వచ్చినవాళ్లు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది: తరువాత బయటపడిన తేడాలన్నింటికీ ‘వాళ్లకు డ్రాయింగు రాదు’ అన్న సులువైన వివరణ చాలామంది నోట వచ్చింది, కానీ అది నిలబడలేదు. నేను ప్రాసెస్ ప్లానింగ్ వైపు నుంచి ఈ పనిలోకి వచ్చాను. అనొటేషన్ నియమావళిని సరిదిద్దడం, తేడా వచ్చిన చోట తీర్పు చెప్పడం నాకు అప్పగించిన బాధ్యతలు.

సమస్య

అప్పటికి అమల్లో ఉన్న నియమావళి చాలా సరళమైనది. డ్రాయింగు మీద మెషినింగ్ ఫీచరు ఎక్కడ కనిపిస్తే అక్కడ దాని చుట్టూ ఒక పెట్టె గీసి, జాబితాలోంచి పేరు ఎంచుకోవాలి. ఫోటోల్లో వస్తువులను గుర్తించే పనుల్లో నలిగిన పద్ధతే ఇది. ఒకే డ్రాయింగు మీద ఇద్దరు గీసిన పెట్టెలు ఎంతవరకు ఒకదానిపై ఒకటి పడుతున్నాయో లెక్కగడితే, ఫలితం బాగానే ఉంది. అయినా ఆ పెట్టెల నుంచి తయారైన ఫీచర్ల పట్టికను ఎస్టిమేటర్ చేతికిస్తే, దాంతో ధర కట్టడం కుదరదని వెనక్కి పంపేశారు.

ఆ పట్టికలోని ఒక భాగాన్ని దగ్గరగా చూద్దాం. అదొక దీర్ఘచతురస్రపు ప్లేటు. డ్రాయింగులో ముందు వ్యూ, ఏ-ఏ సెక్షన్ (భాగాన్ని కోసినట్టు చూపే వ్యూ), ముందు వ్యూకు కుడిపక్కన ఒక సైడ్ వ్యూ, రెండింతల స్కేలులో ఒక డీటెయిల్ వ్యూ ఉన్నాయి. నాలుగు మూలల్లో ఎం8 (8 మి.మీ. త్రెడ్డు) సాకెట్ హెడ్ స్క్రూల కోసం కౌంటర్‌బోర్ రంధ్రాలు, అంటే స్క్రూ తల మునిగేలా పైభాగం వెడల్పుగా తొలిచినవి ఉన్నాయి. ముందు వ్యూలో వాటిలో ఒకదానికి మాత్రం లీడర్ (నోటును రంధ్రంతో కలిపే బాణపు గీత) గీసి, ‘4×, వ్యాసం 9 త్రూ, కౌంటర్‌బోర్ వ్యాసం 15, లోతు 9’ అని నోటు రాశారు; 4× అంటే అలాంటివి నాలుగు, త్రూ అంటే ఆరపార. సెక్షన్ గీత రెండు రంధ్రాల కేంద్రాల గుండా పోతుంది కాబట్టి, సెక్షన్ వ్యూలో ఆ రెండింటి కోతలు మళ్లీ కనిపిస్తాయి. మొదటి అనొటేటర్ ముందు వ్యూలో నాలుగు, సెక్షన్‌లో రెండు పెట్టెలు గీశారు; సాఫ్ట్‌వేర్ వాటిని కూడి ఆరు అంది. రెండో అనొటేటర్ నోటునూ, దాని లీడర్ తాకిన రంధ్రాన్నీ కలిపి ఒకే పెట్టెలో పెట్టారు. లెక్క ఒకటికి వచ్చింది. మూడో అనొటేటర్ ముందు వ్యూలోనే కౌంటర్‌బోర్‌ను వేరుగా, దాని కింది త్రూ రంధ్రాన్ని వేరుగా గుర్తించారు, ఎనిమిది అయింది. ముగ్గురూ నియమావళి దాటలేదు. ఈ ప్లేటులో కౌంటర్‌బోర్ రంధ్రాలెన్ని అని నోటితో అడిగినప్పుడు మాత్రం, ముగ్గురూ తడుముకోకుండా నాలుగు అన్నారు.

నాకు ముఖ్యమనిపించింది ఈ చివరి సంగతే. వాళ్లకు తెలిసినది సరైనదే. వాళ్ల చేత రాయిస్తున్నదానిలో ఆ తెలిసినదానికి చోటు లేదు.

ఇతర తేడాలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. అదే ప్లేటులో ఒక ఎం8 బ్లైండ్ ట్యాప్డ్ రంధ్రం (ఆరపార పోని, లోపల త్రెడ్డు ఉన్న రంధ్రం) ఉంది: త్రెడ్డు లోతు 16, డ్రిల్లు లోతు 22. సెక్షన్‌లో దాని అడుగున డ్రిల్లు మొన వదిలే శంకువు కనిపిస్తుంది, డ్రాయింగులో దాన్ని 120 డిగ్రీలతో గీయడం ఆనవాయితీ. ఆ శంకువును ఒకరు కౌంటర్‌సింక్‌గా, అంటే స్క్రూ తల కోసం శంకువులా తొలిచిన నోరుగా గుర్తించారు. లోపలి త్రెడ్డును ఎదురుగా చూసే వ్యూలో, మందపాటి పూర్తి వృత్తం చుట్టూ ముప్పావు వంతు మాత్రమే ఉండే సన్నని వృత్తంతో చూపిస్తారు. స్కాన్‌లో మసి పట్టి ఆ తెరిచి ఉన్న పావు వంతు పూడుకుపోయిన చోట, రెండు పూర్తి వృత్తాలు ఒకదానిలో ఒకటి కనిపించాయి. ట్యాప్డ్ రంధ్రం కాస్తా కౌంటర్‌బోర్ అయిపోయింది. సైడ్ వ్యూలోని రెండు రంధ్రాలు ప్లేటుకు ఏ పక్కన ఉన్నాయన్న దానిపైనా సగం మంది ఒకటి, సగం మంది మరొకటి రాశారు.

ప్రయత్నించి వదిలేసిన మార్గాలు

మొదట చేసిన పని, పేర్ల జాబితాను పెంచడం. తేడాలకు కారణం పేర్లు చాలకపోవడమేనని బృందం భావించింది. మెషినింగ్ ఫీచర్ల ఆధారంగా ప్రాసెస్ ప్లానింగ్ చేయడం కోసమే రూపొందిన ఏపీ224 అనే భాగం ఐఎస్‌ఓ 10303 లో ఉంది. రంధ్రం, పాకెట్, స్లాట్ (గాడి), స్టెప్ (మెట్టు), బాస్ (పైకి పొడుచుకొచ్చిన దిమ్మ) వంటి ఫీచర్లకు అందులో ఒక క్రమమైన వర్గీకరణ దొరుకుతుంది. దాని ఆధారంగా జాబితా విస్తరించారు. త్రూ రంధ్రం వేరు, బ్లైండ్ రంధ్రం వేరు. అడుగు చదునుగా ఉంటే వేరు, శంకువుగా ఉంటే వేరు. మూసిన పాకెట్ వేరు, ఒక పక్క తెరిచిన పాకెట్ వేరు. ఒక్కో పెట్టెకు పెట్టే పేరు మరింత కచ్చితమైంది, నిజమే. కానీ నాలుగు ఆరు కావడం ఆగలేదు, ఎందుకంటే ఆ తప్పు పేరులో లేదు. పైగా కొత్త చిక్కు వచ్చిపడింది: ముందు వ్యూలో చూసినవాళ్లకు రంధ్రం అడుగు కనిపించదు కాబట్టి ‘త్రూ’ అని రాశారు, అదే రంధ్రాన్ని సెక్షన్‌లో చూసినవాళ్లు ‘బ్లైండ్’ అని రాశారు. ఒకే రంధ్రం ఇప్పుడు రెండు పేర్లతో రెండుసార్లు లెక్కకెక్కింది.

తరువాత ఓటింగ్. ఒక్కో డ్రాయింగును ముగ్గురికి ఇచ్చి, ఇద్దరు ఒప్పుకున్నదే సరైనదని తీసుకోవడం. ఎవరి పొరపాట్లు వాళ్లవిగా, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా జరిగినప్పుడు ఓటింగ్ పనిచేస్తుంది. ఇక్కడి పొరపాట్లు అలాంటివి కావు. డ్రాయింగు అమరికే అందరినీ ఒకే వైపు లాగుతుంది. థర్డ్ యాంగిల్ ప్రొజెక్షన్ డ్రాయింగుల విషయంలో ఇది స్పష్టంగా కనిపించింది. ఫస్ట్ యాంగిల్, థర్డ్ యాంగిల్ అన్నవి కాగితం మీద వ్యూలను అమర్చే రెండు పద్ధతులు. ఫస్ట్ యాంగిల్‌లో ముందు వ్యూకు కుడిపక్కన గీసేది ఎడమవైపు నుంచి చూసిన రూపం. థర్డ్ యాంగిల్‌లో అదే చోట గీసేది కుడివైపు నుంచి చూసిన రూపం. ఏది ఏదో చెప్పేది టైటిల్ బ్లాక్‌లో (డ్రాయింగు వివరాలు రాసే గడిలో) ఒక మూల ఉండే, కొస తెగిన శంకువు గుర్తు మాత్రమే. అలవాటు కొద్దీ ఇద్దరు ఫస్ట్ యాంగిల్‌గా చదివి, ఆ గుర్తును గమనించిన ఒక్కరు సరిగ్గా రాస్తే, ఓటింగ్ ఆ ఒక్కరినే తప్పుగా తేల్చింది. టూలు ఏ దిక్కు నుంచి వెళ్లాలన్నది తారుమారైతే సెటప్పుల (జాబ్‌ను తిప్పి బిగించే సార్ల) సంఖ్య మారుతుంది. అక్కడి నుంచి ధర మారుతుంది.

మూడో ప్రయత్నం, మెషిన్ మీద అనుభవమున్న వ్యక్తిని తుది న్యాయనిర్ణేతగా పెట్టడం. ఇది అన్నింటికంటే సబబుగా కనిపించింది, కొంతవరకు ఉపయోగపడింది కూడా. డ్రిల్లు శంకువు, పూడుకుపోయిన త్రెడ్డు వృత్తం వంటివి ఆయన కంటితో చూసి తీసిపారేశారు. ఆగిపోయింది మరో చోట. ఒక పెద్ద బోరు దగ్గర ఆయన ‘ఎండ్ మిల్లుతో తిప్పి తీస్తాం, ఇది వృత్తాకారపు పాకెట్’ అన్నారు. మరో షాపు అనుభవమున్న వ్యక్తి అదే చోట ‘డ్రిల్లు వేసి బోరింగ్ బార్ పెడతాం, ఇది రంధ్రం’ అన్నారు. ఇద్దరిలో ఎవరూ తప్పు కాదు. తమ దగ్గరున్న మెషినూ టూల్సూ మనసులో పెట్టుకొని ఇద్దరూ చెప్పింది ఆ ఫీచరును తయారు చేసే పద్ధతి. ఫీచరు డ్రాయింగులోంచి రావాలి, పద్ధతి షాపులోంచి రావాలి. రెండింటినీ ఒకే పేరులో కుక్కితే, షాపు మారినప్పుడల్లా అనొటేషన్ పనికిరాకుండా పోతుంది. ఆ తేడాను నియమావళిలో మొదటి వాక్యంగా చేర్చాం.

పనిచేసినది

వెనక్కి తిరిగి ఆలోచిస్తే, మూడు ప్రయత్నాల్లోనూ మారకుండా ఉండిపోయిన ఊహ ఒకటుంది: కాగితం మీద గీసినదే ఫీచరు అన్నది. నిజానికి ఫీచరు ఉండేది భాగం మీద. కాగితం మీద ఉన్నవి దానికి ఆధారాలు మాత్రమే. ఒకే మనిషిని ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటో తీస్తే ఇద్దరు మనుషులు కానట్టే, ఒక రంధ్రం మూడు వ్యూల్లో కనిపించినా అది ఒక్కటే. కొన్నిసార్లు ఇది తలకిందులవుతుంది: కాగితం మీద ఒకసారి కూడా గీయని రంధ్రం, నోటులోని సంఖ్య వల్ల మాత్రమే ఉనికిలో ఉంటుంది.

దీని ప్రకారం అనొటేషన్‌ను రెండు అంచెలుగా విడగొట్టాం. మొదటి అంచెలో కాగితం మీద ఉన్నవాటినే గుర్తించాలి: వ్యూలు, కొలతలు, లీడర్లు, నోట్లు, టాలరెన్సు ఫ్రేములు, డేటం గుర్తులు, ఉపరితల గుర్తులు, గీతలతో ఏర్పడిన ఆకారాలు. ఇక్కడ ‘ఫీచరు’ అన్న మాటే వాడకూడదు. రెండో అంచె ఒక పట్టిక. అందులో ఒక్కో వరుస భాగం మీది ఒక ఫీచరుకో, ఒకే నోటు కిందికి వచ్చే ఫీచర్ల గుంపుకో చెందుతుంది. వరుసలోని ప్రతి విలువ మొదటి అంచెలోని ఏ గుర్తు ఆధారంగా వచ్చిందో దాని సంఖ్య వేయాలి. పై ప్లేటులోని మూల రంధ్రాల వరుస ఇలా తయారైంది: రకం కౌంటర్‌బోర్ రంధ్రం (ఆధారం నోటు); సంఖ్య 4 (ఆధారం నోటు, సరిచూసింది ముందు వ్యూలోని నాలుగు వృత్తాలతో); వ్యాసాలూ లోతూ (ఆధారం నోటు); టూలు వెళ్లే దిక్కు ముందు నుంచి (ఆధారం సెక్షన్ వ్యూలో పెద్ద వ్యాసం ఉన్న పక్క). సెక్షన్‌లోని రెండు కోతలకు మొదటి అంచెలో పెట్టెలున్నాయి, రెండో అంచెలో అవి దిక్కుకూ లోతుకూ సాక్ష్యాలు, లెక్కలోకి రావు. ఆరు మళ్లీ నాలుగైంది.

ఆధారం సంఖ్య వేయమనడం మొదట్లో అదనపు చాకిరీగా అనిపించింది, అనొటేటర్లు ఆ మాట అన్నారు కూడా. అయినా దాన్ని తీసేయడానికి ఒప్పుకోలేదు. తేడా వచ్చినప్పుడు ‘నీ జవాబు తప్పు’ అనడానికి బదులు ‘నువ్వు ఈ కొలతను ఆ రంధ్రానికి తగిలించావు, లీడర్ పోయేది ఇటు’ అని చూపించే వీలు దాని వల్లే వచ్చింది. తీర్పుకు పట్టే సమయం అక్కడ తగ్గింది.

చదివే వరుస కూడా స్థిరపరిచాం. అనొటేటర్ కన్ను సహజంగా పెద్ద వ్యూ మీదికి పోతుంది; నియమావళి మాత్రం టైటిల్ బ్లాక్‌తో మొదలుపెట్టమంటుంది. ప్రొజెక్షన్ గుర్తు, కొలతల ప్రమాణం, సాధారణ టాలరెన్సు, ముడి రూపం పోతనా ఫోర్జింగా బారా అన్నవి ముందు రాయాలి. ఆ తరువాత సాధారణ నోట్లు, ఆ తరువాత వ్యూల మధ్య సంబంధాలు, ఆ తరువాత కొలతలూ నోట్లూ, ఆకారాలు అన్నింటికీ ఆఖరున. ప్రొజెక్షన్ గుర్తును రాయకుండా తరువాతి దశ తెరుచుకోని విధంగా పనిముట్టునే మార్చాం. థర్డ్ యాంగిల్ తికమక దాంతోనే చాలావరకు పోయింది. దానికి వేరే శిక్షణ అక్కర్లేకపోయింది.

సాధారణ నోట్ల విషయంలో ఒక నిర్ణయం కొంత చర్చకు లోనైంది. ‘పేర్కొనని పదునైన అంచులన్నీ 0.5 × 45° చాంఫర్ చేయాలి’ (అంచును ఏటవాలుగా కోయాలి) వంటి నోటు ఉన్నప్పుడు, ప్రతి అంచునూ ఒక చాంఫర్ ఫీచరుగా లెక్కించాలా? లెక్కిస్తే చిన్న ప్లేటుకు కూడా పట్టిక కొండవీటి చాంతాడంత అవుతుంది, ఎస్టిమేటర్‌కు అందులో పనికొచ్చేది ఒక్క వరుస. కాబట్టి సొంత కొలత ఉన్న చాంఫరే ఫీచరు, సాధారణ నోటు కిందిది మొత్తం భాగానికి చెందిన లక్షణం అని నిర్ణయించాం. పాకెట్ మూలల వ్యాసార్ధానికి కూడా ఇలాంటి తర్కమే. మూల వ్యాసార్ధం 5 అంటే అక్కడ 10 కంటే పెద్ద వ్యాసమున్న కట్టర్ పట్టదు; అది పాకెట్‌కు ఒక హద్దు, విడి ఫీచరు కాదు. షాఫ్టు భుజం దగ్గరి అండర్‌కట్ (మూలలో తొలిచే సన్న గాడి) మాత్రం కాగితం మీద చుక్కంతే ఉన్నా విడి ఫీచరుగానే ఉంచాం, ఎందుకంటే దానికి ప్రత్యేకమైన టూలు కావాలి. కాగితం మీద ఎంత పెద్దగా కనిపిస్తుందన్నదానికి ఇందులో ఎక్కడా విలువ లేదు.

టాలరెన్సులను దేనికి తగిలించాలన్నది అన్నింటికంటే సున్నితమైన భాగం. కాగితం మీద 12 వ్యాసపు వృత్తాలు రెండు ఒకేలా ఉంటాయి. ఒకదానికి కొలత తప్ప ఏమీ లేదు, టైటిల్ బ్లాక్‌లో ఐఎస్‌ఓ 2768-ఎం ఉంది; అంటే ±0.2, డ్రిల్లు చాలు. రెండోదానికి హెచ్7 ఉంది, అంటే 12.000 నుంచి 12.018 లోపల రావాలి, రీమరో బోరింగో (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే పనులు) తప్పదు. ఈ తేడా ఆకారంలో లేదు, పక్కన రాసిన రెండు అక్షరాల్లో ఉంది. డేటం త్రికోణాల దగ్గర మరింత జాగ్రత్త అవసరం: త్రికోణం కొలత గీతకు సరిగ్గా ఎదురుగా ఉంటే డేటం ఆ బోరు అక్షం లేదా స్లాటు మధ్యతలం; కొలత గీతకు స్పష్టంగా పక్కకు జరిగి ఉంటే డేటం ఆ ఉపరితలం. టాలరెన్సు ఫ్రేము బాణానికీ ఇదే నియమం. దగ్గరున్న గీతకు తగిలించడం అలవాటైన చేతికి ఇది పట్టుబడటానికి కొంతకాలం పట్టింది, మిల్లీమీటరు జరుగుబాటుతో అర్థం మారిపోతుంది మరి.

పోత భాగాల్లో మరో చిక్కు ఎదురైంది. రంధ్రం కనిపించిన ప్రతిచోటా మెషినింగ్ ఉండదు. కోరు (అచ్చులో ఖాళీ ఉంచే దిమ్మ) పెట్టి పోత పోసినప్పుడే ఏర్పడిన రంధ్రాలూ ఉంటాయి. టిక్కు వంటి ఉపరితల గుర్తుకు అడ్డగీత ఉంటే అక్కడ లోహం తీయాలి, వృత్తం ఉంటే తీయకూడదు. పాత డ్రాయింగుల్లో ఈ గుర్తుల బదులు ఒకటి, రెండు, మూడు త్రికోణాలు వరుసగా ఉంటాయి. ఈ రెండు పద్ధతులనూ నియమావళిలో బొమ్మలతో చేర్చాం. ఏ గుర్తూ లేని పోత రంధ్రాన్ని మాత్రం మెషిన్ చేసినదనో కాదనో ఊహించి రాయనివ్వలేదు.

ఊహించవద్దన్న ఈ నియమాన్ని పట్టికంతటికీ విస్తరించాం. ప్రతి విలువకూ నాలుగు స్థితుల్లో ఒకటి రాయాలి: డ్రాయింగు నేరుగా ఇచ్చింది, ఇతర కొలతల నుంచి లెక్కగట్టాం, డ్రాయింగు చెప్పలేదు, డ్రాయింగులోనే పొంతన లేదు. చివరి స్థితిని ఎక్కడ రాయాలో, ఎక్కడ రాయకూడదో రెండు ఫ్లాంజిలు (బోల్టులతో బిగించే పళ్లెం వంటి అంచులు) చెబుతాయి. మొదటిదాని నోటులో 6× అని ఉంది. వ్యూలో కనిపించే వృత్తాలు మూడు. ముగ్గురిలో ఇద్దరు పొంతన లేదని రాశారు, మూడో వ్యక్తి అక్షం గీత రెండు కొసల్లోనూ ఉన్న చిన్న సమాంతర గీతల జతను చూపించారు. అది సౌష్ఠవాన్ని తెలిపే గుర్తు. గీసింది సగం వ్యూ. మిగిలిన మూడు రంధ్రాలు గీయని సగంలో ఉన్నాయి, నోటు సరైనదే. రెండో ఫ్లాంజిలో పొంతన లేకపోవడం నిజంగానే ఉంది: నోటులో 8×, పూర్తి వ్యూలో ఆరు వృత్తాలు. అప్పుడు ఏదో ఒకటి ఎంచుకొని ముందుకు పోకుండా, కస్టమర్‌ను అడగవలసిన ప్రశ్నగా అది ఎస్టిమేటర్ దగ్గరికి వెళ్లింది. ఎస్టిమేటర్‌కు ఆ ప్రశ్నే, సరిగ్గా ఊహించిన సంఖ్య కంటే ఎక్కువ ఉపయోగం.

ఇక సెక్షన్ వ్యూలో రంధ్రం కనిపించినంత మాత్రాన కోత తలం దాని గుండా పోయిందనుకోవడానికి లేదు. ఫ్లాంజి మీది రంధ్రాలు తలానికి పక్కన ఉన్నా, వాటిని తిప్పి తలంలోకి తెచ్చి గీసే సంప్రదాయం ఉంది. కాబట్టి రంధ్రపు స్థానాన్ని సెక్షన్ నుంచి తీసుకోవడాన్ని నియమావళి నిషేధిస్తుంది. లోతూ ఆకారమూ మాత్రమే అక్కడి నుంచి తీసుకోవాలి.

ఎలా కొలిచాం

పద్ధతి మారాక కొలమానాన్నీ మార్చవలసి వచ్చింది. పెట్టెలు ఎంత కలుస్తున్నాయన్నది మొదటి అంచెకు సరిపోతుంది, అక్కడ కూడా సన్నని పొడవాటి లీడర్లకూ కొలత గీతలకూ అంతగా నప్పదు. పెట్టె వెడల్పు కాస్త తగ్గితే చాలు, కలిసిన భాగం సగానికి పడిపోతుంది. ఇద్దరు గుర్తించేవాళ్ల మధ్య ఏకీభావాన్ని కొలవడానికి కోహెన్ 1960 లో ప్రతిపాదించిన కప్పా అనే కొలమానాన్ని వాడదామన్న సూచన వచ్చింది. దాన్ని రెండో అంచెకు నేరుగా వాడకపోవడానికి కారణముంది: ఇద్దరూ ఒకే అంశాల జాబితాకు పేర్లు పెడుతున్నప్పుడు కప్పాకు అర్థం ఉంటుంది. ఇక్కడ తేడా వచ్చేది అసలు అంశాలు ఎన్ని అన్న దగ్గరే. అందువల్ల ఇద్దరి పట్టికలను ఎదురెదురుగా పెట్టి, రకం, ముఖ్యమైన కొలత, దిక్కు సరిపోయిన వరుసలను జతచేసి, ఒక పట్టికలో ఉండి మరోదానిలో లేనివి ఎన్ని, జతపడ్డవాటిలో సంఖ్య, టాలరెన్సు ఎక్కడ తేడాపడ్డాయి అని రకాల వారీగా చూశాం. జతపడిన వరుసల్లోని పేర్లకు మాత్రం కప్పాను వాడుకున్నాం.

రకాల వారీగా చూడడం వల్ల ఒక సంగతి తేలింది. సాదా రంధ్రాల సంఖ్య చాలా ఎక్కువ కాబట్టి, మొత్తం మీద లెక్క చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. కౌంటర్‌బోర్‌కూ స్పాట్‌ఫేస్‌కూ మధ్య తికమక ఆ లెక్కలో మునిగిపోతుంది. రెండింటికీ ఒకే గుర్తు వాడిన డ్రాయింగులు బోలెడు. లోతు ఇచ్చి ఉండి, స్క్రూ తల మునిగేంత ఉంటే కౌంటర్‌బోర్. లోతు ఇవ్వకుండా, పోత ఉపరితలం మీద తల కూర్చునే చోటును చదును చేయడానికే ఉంటే స్పాట్‌ఫేస్ అని నియమం పెట్టాక ఆ వరుసల్లో తేడాలు తగ్గాయి. లోతు ఇచ్చి ఉన్నా అది తల ఎత్తు కంటే బాగా తక్కువైతే ఏమనాలన్నదానిపై మాత్రం చివరి వరకు అభిప్రాయాలు కలవలేదు. ఆ వరుసలకు రెండు పేర్లూ ఉంచేశాం.

ఫలితం, మిగిలిపోయినవి

కొత్త పద్ధతిలో తయారైన పట్టికలను ఎస్టిమేటర్లు వెనక్కి పంపడం చాలావరకు ఆగింది. పంపినప్పుడు కూడా ‘ఈ వరుసలో ఫలానా ఆధారం తప్పు’ అని చెప్పి పంపారు, దాన్ని సరిదిద్దడం తేలిక. ఒక్కో డ్రాయింగుకు పట్టే సమయం మాత్రం పెరిగింది. పెట్టెలు గీయడంతో పోలిస్తే ఇది నెమ్మదైన పని, దాన్ని దాచుకోవలసిన అవసరం లేదు. డ్రాయింగుల సంఖ్య తగ్గించుకొని అయినా సరే ఈ పద్ధతే ఉంచాలని సంస్థను ఒప్పించడానికి, పాత పద్ధతిలో చేసిన పట్టికలను ఎస్టిమేటర్లు మళ్లీ చేత్తో దిద్దుకుంటున్న సంగతి సరిపోయింది.

ఒకదానితో ఒకటి కలిసిపోయే ఫీచర్లు తేలకుండా మిగిలాయి. పాకెట్ గుండా స్లాటు అడ్డంగా పోయినప్పుడు, స్లాటు పాకెట్‌కు రెండు పక్కలా ఉండే రెండు స్లాట్లా, మధ్యలో తెగిన ఒకటే స్లాటా? ఒకే కొలత, ఒకే టాలరెన్సు రెండు పక్కలకూ కలిపి ఇచ్చి ఉంటే ఒకటిగా, విడివిడిగా ఇచ్చి ఉంటే రెండుగా రాయమన్నాం. డిజైనర్ ఉద్దేశం కొలత ఇచ్చిన తీరులోనే కనిపిస్తుందన్నది దాని వెనకున్న తర్కం. విడిగా టాలరెన్సు ఇవ్వని చోట, అంటే స్లాటు వెడల్పు సాధారణ టాలరెన్సు కిందే ఉన్నప్పుడు, ఈ తర్కం బలహీనపడుతుంది.

ఆఖరుగా, రివిజన్లు. పాత డ్రాయింగుల్లో కొలత మారినప్పుడు ఆకారాన్ని మళ్లీ గీయకుండా, అంకెను మార్చి దాని కింద గీత గీసి వదిలేస్తారు. కింద గీత ఉన్న కొలత స్కేలుకు గీసినది కాదని అర్థం. సాఫ్ట్‌వేర్ బృందం, ఆకారాన్ని పిక్సెళ్లలో కొలిచి రాసిన అంకెతో సరిచూసే పరీక్ష ఒకటి పెట్టుకుంది. స్కాన్ తప్పుగా చదివిన అంకెలను పట్టుకోవడానికి అది మంచి ఉపాయమే. కానీ కింద గీత ఉన్న కొలతలన్నింటినీ అది తప్పులుగా చూపించేది. ఇప్పుడు ఆ గీతకు మొదటి అంచెలో ప్రత్యేకమైన గుర్తు ఉంది. అది ఉన్న కొలతను ఈ పరీక్ష వదిలేసి, రాసిన అంకెనే తీసుకుంటుంది. స్కాన్‌లో చెరిగిపోయిన గీతలను మాత్రం ఇప్పటికీ అనొటేటర్ రివిజన్ పట్టిక చదివి చేత్తోనే చేర్చవలసి వస్తోంది.